బరిలోని వీరులు – 14: మాంట్రియల్‌లో ముసలి ముంగిస

గత భాగమున ఆర్చీ మూర్‌ను మనము న్యూయార్కు నగరపు యాంకీ స్టేడియమున, 1955 సెప్టెంబరు 21వ తేదీ రాత్రి, తొమ్మిదవ రౌండులో రాకీ మార్సియానో పిడిగ్రుద్దులకు కూలబడియుండగా విడిచివచ్చితిమి. రెండవ రౌండులో ఆ మార్సియానోనే నేల కరపించి, హెవీ వెయిట్ కిరీటము చేతికందునంత సమీపమునకు వచ్చి, పిదప క్రమక్రమముగా బలము సన్నగిల్లి ఓడిన రాత్రి యది. అయినను దానికొక మెట్టు దిగువనున్న లైట్ హెవీ వెయిట్ ప్రపంచ బిరుదము మూర్ యొద్దనే నిలిచియుండెను. వృత్తిలో దిగి ఇంచుమించు 17 ఏండ్లు నిరీక్షించిన మీదట, 1952 డిసెంబరు 17వ తేదీన సెయింట్ లూయీలో జోయీ మాగ్జిమ్‌ను ఓడించి అతడు దానిని సంపాదించిన తీరును, ఆ రాత్రి ఓడినవానికి లక్ష డాలర్ల హామీ యుండగా గెలిచినవానికి 800 డాలర్లు దక్కిన వింతను పాఠకులు మఱచియుండరు.

మార్సియానో 1956 ఏప్రిలులో ఓటమి యెఱుగకయే బరినుండి విరమించుకొనెను. ఖాళీపడిన హెవీ వెయిట్ పీఠమునకై అదే యేడు నవంబరు 30వ తేదీన షికాగోలో ఫ్లాయిడ్ ప్యాటర్సన్ అను 21 ఏండ్ల యువకునితో మూర్ తలపడి, అయిదవ రౌండులోనే నాకౌట్ అయ్యెను. మార్సియానోతో ఓడినప్పుడు లోకము మూర్‌ను గౌరవించినది. ప్యాటర్సన్‌తో ఓడినప్పుడు జాలిపడినది. వృద్ధుడైన మల్లునకు ఈ రెండవది మిక్కిలి ప్రమాదకరమైనది, ఏలయన జాలి పుట్టినచోట సొమ్ము పుట్టదు. సొమ్ము పుట్టని మల్లుని పేరు ప్రకటన పత్రములనుండి తనంతట తానే జారిపోవును. 1957 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ నగరమున టోనీ ఆంథొనీని ఏడవ రౌండులో పడగొట్టి మూర్ తన బిరుదమును నిలుపుకొనెను గాని, అప్పటికే ప్రతి పోరును అతని కడపటి పోరనియే పత్రికలవారు వ్రాయుచుండిరి.

అతని వయస్సెంతయో ఎవ్వరును నిర్ధారణగా చెప్పజాలకుండిరి. కన్నతల్లి చెప్పిన లెక్క ప్రకారము అతడు 1913 డిసెంబరు 13వ తేదీన మిసిసిపీ రాష్ట్రమున బెనోయిట్ గ్రామమున పుట్టెను. కొడుకు చెప్పిన లెక్క ప్రకారము తేదీ అదియే గాని సంవత్సరము 1916, ఊరు ఇల్లినాయి రాష్ట్రమునందలి కాలిన్స్‌విల్. తల్లి మాట కాదనుట మర్యాద కాదు గనుక, తాను పుట్టునాటికే తనకు మూడేండ్లు నిండియుండవలెనని మూర్ చమత్కరించుచుండెను. వివాదమును అతడు ఎన్నడును తేల్చలేదు, తేల్చవలెనని కోరినట్లును కనబడదు. వయస్సు తెలియని ప్రతిపక్షిని అంచనా కట్టుట కష్టము. టిక్కెట్లు అమ్మువానికి ఆ అనిశ్చయము ఒక చిన్న నిధి. ఈ భాగమున మనము చెప్పుకొనబోవు రాత్రికి, అనగా 1958 డిసెంబరు 10వ తేదీకి, అతనికి మూడు దినములలో 42 నిండవలెను; తల్లి లెక్క నిజమైనచో 45.

వయస్సును దాచవచ్చును గాని బరువును దాచుటకు వీలులేదు. లైట్ హెవీ వెయిట్ తరగతికి 175 పౌన్లు పరిమితి. ఆ కాలమున పోరు దినముననే త్రాసుపై నిలిచినప్పుడు ముల్లు అంతకు మించెనా, బిరుదము పోరాడకయే పోయెడిది. మార్సియానోతో తలపడిన నాడు మూర్ సుమారు 188 పౌన్లు తూగెను. పోరులు లేని కాలమున అతడు 200 దాటుచుండెడివాడు. మంచి భోజనప్రియుడు, మేకగడ్డము, వింత టోపీలు, చేతికర్ర, గంభీరమైన పదములతో తీరికగా సాగు సంభాషణము అతని అలంకారములు. అట్టివాడు ప్రతి పోరునకు ముందును కాలిఫోర్నియా రాష్ట్రమున రమోనా కొండలలోని తన శిక్షణశిబిరమునకు పోయి – దానికి ఉప్పుగని యని పేరు పెట్టుకొనెను – వారములకొలది నోరు కట్టుకొని పౌను వెంట పౌను కరగించుకొనవలసి వచ్చెడిది. ఈ విద్యకు రహస్యమేమని అడిగినవారికి, 1940లో తాను ఆస్ట్రేలియా పర్యటించినప్పుడు అచ్చటి ఆదివాసి యొకడు ఉపదేశించిన ఆహారనియమమే రహస్యమని చెప్పుచుండెను. అందలి ముఖ్యసూత్రము మాంసమును బాగుగ నమలి రసము మాత్రము మ్రింగి, చెరకుపిప్పిని ఉమ్మినట్లు మిగిలినదానిని ఉమ్మివేయుట. ఆదివాసి కథ నిజమగునో కాదో గాని, ఉమ్మివేయుట మాత్రము నిజమే. అతనితో భోజనమునకు కూర్చున్న పత్రికారచయితలు దానిని కన్నులార చూచి, ఆకలి చచ్చి, వార్తగా వ్రాసిరి.

అయితే నలుబదియేండ్లు దాటిన మనుష్యుడు ఇంత తపస్సు చేసి ఈ బిరుదమును పట్టుకొని వ్రేలాడనేల? దానికి సమాధానము కావలెనన్న 1940 ప్రాంతములకు ఒకమారు వెనుదిరిగి చూడవలెను. ఆనాడు అమెరికాలో నల్లజాతి మల్లుల గుంపొకటి యుండెను. చార్లీ బర్లీ, హోల్మన్ విలియమ్స్, లాయిడ్ మార్షల్, ఎడ్డీ బుకర్, జాక్ చేస్ అందలి ముఖ్యులు. ఒక్కొక్కడును తన తరగతిలో ఎంతటి ఛాంపియన్‌నైనను ముప్పుతిప్పలు పెట్టగలవాడే. ఆ కారణముచేతనే ఛాంపియన్లు వీరి పేరు చెప్పిన ముఖము చాటువేసిరి. వారి మేనేజర్లు, నష్టభయమెక్కువ లాభము తక్కువ యని లెక్కలు కట్టి, తలుపులు బిగించిరి. చర్మవర్ణము ఆ తలుపునకు పైగడియ. దానికి తోడు, ఎవడు ఎవనితో ఎప్పుడు పోరాడవలెనో నిర్ణయించు అధికారము రానురాను ఫ్రాంకీ కార్బో వంటి దుండగీండ్ర చేతిలోనికిని, 1949లో వెలసిన ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్బు గుత్తాధిపత్యము లోనికిని పోయినది. వేరు దారి లేక ఈ మల్లులు తమలో తామే మరల మరల కొట్టుకొని, పొట్ట పోసికొనిరి. పైన చెప్పిన అయిదుగురిలో ఒక్కనికైనను ప్రపంచ బిరుదమునకై పోరాడు భాగ్యము కలుగలేదు. ఆ గుంపునుండి వెలికివచ్చి సింహాసనమెక్కినవాడు మూర్.

నా అభిప్రాయములో ఈ పదునేడేండ్ల అన్యాయము మూర్‌కు ఒక్క మేలు చేసినది, చేయవలెనని కాకపోయినను. బర్లీ చేతిలో అతడు 1944లో దారుణముగ ఓడెను. ఎజర్డ్ చార్ల్స్ చేతిలో మూడుమారులు ఓడెను. 1941లో కడుపులో పుండు పగిలి మృత్యుముఖమునుండి బయటపడెను. ఊరూరు తిరిగి, దక్షిణామెరికా వఱకును పోయి, దొరికినవానితో దొరికిన కూలికి పోరాడెను. ఇరువది రెండేండ్లకే పట్టముగట్టుకొను అదృష్టవంతులకు గెలుచుట మాత్రమే తెలియును. క్రిందపడిన పిమ్మట ఏమి చేయవలెనో నేర్పు గురువు వారికి దొరకడు. మూర్‌కు అట్టి గురువులు డజనులకొలది దొరికిరి. ఎడమ ముంజేతిని పొట్టకడ్డముగను, కుడి ముంజేతిని ముఖమునకడ్డముగను మడిచి, భుజముల నడుమ తల దాచుకొని, ఎదుటివాని దెబ్బలన్నిటిని మోచేతులపై స్వీకరించుచు అతడు మెల్లమెల్లగా ముందునకు జరుగు విధానము వారి పాఠశాలలో అభ్యసించినదే. పాము పడగ విప్పువఱకు కదలక, విప్పినంతనే దూకు జంతువు పేరు అతనికి బిరుదనామమైనది. వయస్సు మీరిన పిదప దానికి ముందొక విశేషణము చేరి, ముసలి ముంగిస యయ్యెను.

ఈ ముంగిసను ఆడించు మేనేజరును గూర్చి కూడ నాలుగు మాటలు చెప్పక తప్పదు. జాక్ కెర్న్స్, లోకము డాక్టరని పిలిచిన కెర్న్స్, 1919 నాటి జాక్ డెంప్సీకి మేనేజరు. 1923 జూలై 4వ తేదీన మాంటానా రాష్ట్రపు షెల్బీ అను చిన్న పట్టణమున డెంప్సీ పోరు ఏర్పాటు చేయించి, మూడులక్షల డాలర్లు ముందే హామీ పుచ్చుకొని, జనము రాక పట్టణము దివాలా తీయగా, అందిన డబ్బు మూటకట్టుకొని రైలెక్కినవాడు. ఆ దెబ్బకు ఆ ప్రాంతపు బ్యాంకులు కొన్ని మూతబడినవి. 1952లో ఈ కెర్న్సే మాగ్జిమ్ మేనేజరు. మూర్‌కు పోరు ప్రసాదించుటకు అతడు విధించిన షరతులలో, మూర్ గెలిచిన పక్షమున అతని రాబడిలోను తనకు వాటా ఉండవలెననునది యొకటి. అనగా ఆ రాత్రి బరిలో రెండు మూలలందును కెర్న్సే గెలుచుచుండెను. ఇట్టివానిని మూర్ ఎట్లు సహించెనని పాఠకులు అడుగవచ్చును. సహించుటయే కాదు, అతని యుక్తులను చూచి మూర్ ఆనందించెడివాడు. పదునేడేండ్లు మూసియున్న తలుపును తెఱచినవాడు దొంగయైనను తాళపుచెవి వానిదే కదా!

1958 శరత్కాలమునాటికి బాక్సింగు వ్యాపారము చిక్కులలో పడియుండెను. ఇంటర్నేషనల్ క్లబ్బు గుత్తాధిపత్యమును ఫెడరల్ న్యాయస్థానము 1957లోనే చట్టవిరుద్ధమని తేల్చగా, అప్పీలు సుప్రీంకోర్టు ముందుండెను. ఇంటింటను టెలివిజను వెలసి, వారమునకు రెండుమారులు ఉచితముగ పోరులు చూపుచుండుటచే, పేటపేటను వెలసిన చిన్న క్లబ్బులు వరుసగా దీపములార్పుకొనుచుండెను. సాయంత్రము పని ముగించుకొని అర డాలరు చెల్లించి పొగచుట్టల మేఘములలో బల్లలపై కూర్చుండి తమ వీధి కుఱ్ఱవానికై కేకలు వేసిన జనము, ఇప్పుడింటనే సోఫాలో కూర్చుండి ఎవ్వడో యెఱుగనివానిని చూచుటకు అలవాటుపడిరి. కుఱ్ఱవాండ్రకు నేర్చుకొనుటకు చోటు లేదు. అందువలన ముసలివానికి ప్రత్యర్థి దొరకుట కష్టమైనది. అట్టి సమయమున మాంట్రియల్ నగరమునుండి ఎడ్డీ క్విన్ అను ప్రమోటరు ఒక పేరు పంపెను: ఇవాన్ డ్యురెల్.

డ్యురెల్ కెనడా తూర్పుతీరమున న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రపు బే సాంత్ ఆన్ అను పల్లెకు చెందిన చేపలవాడు. ఆ తీరవాసులు అకేడియనులు, ఫ్రెంచి మాటలాడువారు. బ్రిటిషు రాజునకు షరతులేని విధేయత ప్రమాణము చేయమన్నందుకు 1755 మొదలుకొని వారి పూర్వులను సైనికులు ఇండ్లు తగులబెట్టి, ఓడలకెక్కించి, నలుదిక్కులకు చెదరగొట్టిరి. వారిలో కొందఱు లూసియానా చేరిరి, కొందఱు దారిలోనే సముద్రమునకు బలియైరి, కొందఱు ఏండ్లు గడిచిన పిదప మెల్లగా తిరిగివచ్చి, మంచి భూములన్నియు అప్పటికే పరుల పాలగుటచే, ఎవ్వరికిని అక్కఱలేని సముద్రపుటంచున గుడిసెలు వేసికొనిరి. బే సాంత్ ఆన్ అట్టి తీరపు పల్లె. చలికాలము గడ్డకట్టిన నీరు. మంచు విడిచినంతనే చెక్కపడవలపై బయలుదేరి లాబ్‌స్టర్ అనబడు పెద్దరొయ్యలకు బోనులు దించుట, సాల్మన్, మేకరెల్ చేపలకు వలలు వేయుట. పట్టుదల చాలక కాక, గాలి చాలక పస్తులుండుట. 1929లో అట్టి యింట పుట్టిన డ్యురెల్, బడిని త్వరలోనే విడిచి పడవెక్కెను. తడిసిన వలలు లాగిలాగి అతని వీపును, భుజములును కండలు తేలెను. పోరాటము అతనికి చేపల కాలము కాని కాలమున దొరకు కూలి.

అందుచేత అతని చరిత్రలో గెలుపులతో పాటు ఓటములును దండిగ నున్నవి. ఎవనితోనైనను, ఎప్పుడైనను, తగిన శిక్షణ యున్నను లేకున్నను పోరాడెడివాడు. ప్యాటర్సన్ చేతిలో రెండుమారులు ఓడెను. అందు రెండవది 1955లో తన రాష్ట్రమునందే, న్యూకాజిల్ పట్టణమున. 1957లో బ్రిటిషు సామ్రాజ్య లైట్ హెవీ వెయిట్ బిరుదము గెలిచినను, అమెరికా పత్రికలవారు ఆ వార్తను మూలకు నెట్టిరి. వారి కంటికి డ్యురెల్ ఒక మోటు బెస్తవాడు. కుడిచేతిలో బలమున్నది, తక్కిన విద్య లేదు. టెలివిజనులో ఒక బుధవారపు రాత్రిని నింపుటకు, ముసలి ఛాంపియన్‌కు సులువుగా నాలుగు డబ్బులు రాల్చుటకు సరిపోవును. మూర్ సైతము అట్లే భావించెనని ఆ రాత్రి మొదటి మూడు నిమిషములు సాక్ష్యము చెప్పుచున్నవి.

మాంట్రియల్ ఫోరమ్ బాక్సింగు మందిరము కాదు. ఆనాడు కెనేడియన్స్ జట్టు మంచుపై హాకీ ఆడుచుండిన చోటు. మూడేండ్లకు ముందు, 1955 మార్చిలో, ఫ్రెంచివారి ఆరాధ్యుడైన మారిస్ రిషార్‌ను హాకీ లీగు అధ్యక్షుడు ఆటనుండి బహిష్కరించినప్పుడు, ఈ మందిరముననే కోడిగ్రుడ్లతో మొదలై వీధులలో దుకాణముల అద్దములు పగులగొట్టువఱకు సాగిన అల్లరి యొకటి జరిగినది. ఆంగ్లభాషీయుల పెత్తనము క్రింద అణగియున్న ఫ్రెంచివారి కోపమునకు ఆ మందిరము ఒక పొయ్యి వంటి దనుట అతిశయోక్తి కాదు. అట్టిచోట ఫ్రెంచి నోటి బెస్తవాడు ప్రపంచ బిరుదమునకై దిగినప్పుడు జనమెవరి పక్షమో చెప్పనక్కఱలేదు. నడుమ తెల్లచొక్కా తొడుగుకొని నిలిచిన రిఫరీ జాక్ షార్కీ. ఇతడు 1932లో మాక్స్ ష్మెలింగ్‌నుండి హెవీ వెయిట్ కిరీటము గెలిచి, మఱుసటి యేటనే ప్రిమో కార్నేరాకు దానిని వదలుకొనినవాడు. 1936లో, తన కాలము చెల్లిన పిదప, యువకుడైన జో లూయిస్ ఎదుట నిలిచి మూడవ రౌండులో నేలపై కూర్చుండి తన వృత్తి ముగిసినదని గ్రహించినవాడు. ముసలివాని పతనమును లెక్కపెట్టుటకు ఇంతకంటె అనుభవజ్ఞుడు దొరకడు.

లెక్కపెట్టు పని అతనికి వెంటనే తగిలినది. మొదటి రౌండు ఇంకను కుదుటపడకముందే డ్యురెల్ కుడిచేతి దెబ్బ మూర్ దవడపై దిగెను. చేతులు మడిచి కోట కట్టుకొనుటకు కూడ వ్యవధి లేకపోయినది. మూర్ వెల్లకిల పడి, తల వెనుకభాగము నేలకు తగిలి, కాళ్ళు తన యాజ్ఞ దాటిపోయినవాని వలె కొంత తడవు కదలక యుండెను. షార్కీ ఒకటి మొదలు లెక్క ప్రారంభించెను. బరి నియమము తెలిసినదే: పది పూర్తియగునంతలో లేచి నిలువవలెను. మూర్ తొమ్మిదింటికి లేచెను. లేచెననుటకంటె, పదింటికి నేలపై లేడనుట సత్యమునకు దగ్గఱ. మరల పడెను, ఈ మారు దెబ్బ గట్టిది కాదు, కాళ్ళు లొంగినవి. లేచెను. రౌండు ముగియకమునుపే కుడిచేయి మరల తగిలెను. మూడవ మారు పడెను. ఒకే రౌండులో మూడుమారులు పడినవానిని ఓడినట్లు ప్రకటించు నియమము ఆనాడు కొన్నిచోట్ల ఉండెడిది. ఆ రాత్రి అది అమలులో లేదు. ఉన్నచో ఈ వ్యాసమును నేను డ్యురెల్ పేరుతో వ్రాయవలసి వచ్చెడిది.

మూడవమారు లేచిన పిమ్మట గంట మ్రోగువఱకు గడచిన క్షణములను గమనింపవలెను, ఏలయన ఈ పోరంతయు అందే యున్నదని నా నమ్మకము. పడినవాని సహజ స్వభావము, వెంటనే లేచి అవమానము తీర్చుకొనుటకు మీదబడుట. అట్లు చేసినవారు నాలుగవమారు పడి లేవరు. మూర్ అట్లు చేయలేదు. నేలపై నున్నప్పుడు లెక్కలోని ప్రతి అంకెను వినియోగించుకొనెను. లేచిన పిదప డ్యురెల్‌ను కౌగిలించి చేతులు బంధించుట, బరువంతయు వానిపై మోపి నడిపించుట, త్రాళ్ళకు చేరబడి మోచేతులలో ముడుచుకొనుట – ఇంతే అతడు చేసినది. డ్యురెల్ దెబ్బలు లెక్కకు మిక్కిలి. కాని గెలుపు ఇంత చేరువకు వచ్చునని ఊహింపనివాడు తొందరలో వెడల్పుగ విసరిన దెబ్బలలో సగము గాలికి పోయినవి.

విరామమున కెర్న్స్ చేసిన పనిని గూర్చి ఒక కథ ప్రచారమున నున్నది. మూర్‌ను పీటపై కూర్చుండనీయక నిలువబెట్టి, ఎదుటి వరుసలోనున్న భార్యకు చేయి ఊపుమని చెప్పెనట. దానిని చూచిన డ్యురెల్, నేనిన్ని కొట్టినను వీడు విలాసముగ చేతులూపుచున్నాడే యని గుండె జాఱిపోయెనట. కెర్న్స్ కథలల్లుటలో ఆరితేరినవాడు గనుక దీనిని నేను సగమే నమ్ముచున్నాను. కాని నమ్మిన ఆ సగమైనను కెర్న్స్ ఎట్టివాడో చెప్పుటకు చాలును.

రెండు, మూడు, నాలుగు రౌండ్లలో మూర్ తన ఎడమచేతిని మెల్లమెల్లగా వెదకికొనెను. ఆ ఎడమచేతి సూటి పోటు చూపునకు బలహీనమైనది. అయిననది డ్యురెల్ ముక్కుపై పడుచు, వాని అడుగును తప్పించుచు, ఊపిరిని ఖర్చు పెట్టించుచుండెను. నాలుగవ రౌండునకు మూర్ కాళ్ళు అతనివైనవి. అయిదవ రౌండులో జనము నిట్టూర్పు విడుచుచుండగా డ్యురెల్ కుడిచేయి మరల ఎక్కడనుండియో వచ్చి మూర్‌ను నాలుగవమారు పడగొట్టెను. ఈ మారు కూడ లేచెను. ఇంతటితో డ్యురెల్ చేయగలిగినది ముగిసినది. వలలు లాగిన భుజములు మొదటి రౌండులో తమ నిల్వనంతయు వెచ్చించినవి. పదునైదు రౌండ్లకు సరిపడు ఊపిరిని దాచుకొను విద్య, చేపల కాలము నడుమ దొరికిన కొన్ని వారములలో అలవడునది కాదు.

ఏడవ రౌండులో పడినవాడు డ్యురెల్. ఆ క్షణమున ఫోరమ్‌లో పుట్టిన నిశ్శబ్దమును గూర్చి ఊహింపవచ్చునే గాని వర్ణింపరాదు. ఎనిమిదవ, తొమ్మిదవ రౌండ్లు చూచుటకు కష్టమైనవి. మూర్ తొందరపడలేదు, కాయము, దవడ, మరల కాయము, అని పనివాడు పనిచేసినట్లు కొట్టెను. పదవ రౌండులో డ్యురెల్ మరల నేలకు చేరి, గంటచేత రక్షింపబడెను. పదునొకండవ రౌండున లేచివచ్చుటయే అతని ధైర్యమునకు ప్రమాణము. మొదటిమారు పడి లేచెను. రెండవమారు పడినప్పుడు షార్కీ పది వఱకు లెక్కించెను. నాలుగుమారులు నేలను చూచిన ముసలివాడు నిలిచియుండెను. నాకౌట్ల లెక్క చూచువారు, యంగ్ స్ట్రిబ్లింగ్ పేర నిలిచియున్న పాతరికార్డును మూర్ ఆ రాత్రి దాటెనని ప్రకటించిరి.

అమెరికా అంతట ఆ పోరును టెలివిజనులో చూచినవారికి అది తమ సొంత అనుభవమైనది. ఇదివఱకు మూర్‌ను ఛాంపియన్ అనువారు ఉండిరి. మఱునాటినుండి అతడు జనసామాన్యమునకు ఇంటివాడు. బాక్సింగు రచయితల సంఘము ఆ సంవత్సరపు ఉత్తమ ముష్టియోధునిగా అతనినే యెన్నుకొనెను. చిత్రమేమనగా, గెలిచిన పోరులలో ఇంత బాగుగ దెబ్బలు తిన్న పోరు అతనికి మఱియొకటి లేదు. 1954లో హెరాల్డ్ జాన్సన్ చేతిలో పదవ రౌండున పడి, పదునాలుగవ రౌండున వానిని నాకౌట్ చేసిన పోరు సాంకేతికముగ ఇంతకంటె మేలైనదని తెలిసినవారందురు. దానిని నేనును అంగీకరింతును. ఐనను జనము జాన్సన్ పోరును మఱచినది, డ్యురెల్ పోరును మఱువలేదు. విద్యను చూచి జనము మెచ్చుకొనును. పడి లేచినవానిని చూచి తానే లేచినట్లు భావించును. ఈ భేదము కెర్న్స్‌కు బాగుగ తెలియును. అందుచే మఱునాటి ఉదయమునకే అతడు రెండవ పోరునకు వెల కట్టుట మొదలిడెను.

డ్యురెల్ ఓడి తన తీరమునకు పోయెను, కాని ఓడినవానివలె పోలేదు. ప్రపంచ ఛాంపియన్‌ను నాలుగుమారులు పడగొట్టిన బెస్తవాని పేరు అకేడియను పల్లెలన్నిట మ్రోగినది. వేసవిలో మరల మాంట్రియల్‌లోనే పోరని నిశ్చయమైనది. ఈసారి తగిన శిక్షణతో దిగినచో బిరుదము బే సాంత్ ఆన్ చేరునని ఆ తీరమంతయు నమ్మినది.

ఆ నమ్మకము ఫలించుటకు ముందు సముద్రము కలుగజేసికొనెను. 1959 జూన్ 19వ తేదీ రాత్రి ఎస్కుమినాక్ అగ్రము వద్ద లేచిన తుపాను సాల్మన్ పడవలపై బడి 35 మందిని బలిగొనినది; వారిలో డ్యురెల్ బంధువులును, చిన్ననాటి స్నేహితులును ఉండిరి. ఆ దుఃఖమును మోసికొని ఆగస్టు 12వ తేదీన అతడు రెండవమారు మూర్ ఎదుట ఎట్లు నిలిచెనో, ఆ పోరు ఎంత త్వరగా ముగిసెనో వచ్చు భాగమున చెప్పుదును. 1960లో నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్ మూర్ బిరుదమును బరిలో కాక కాగితముపై ఊడబెఱికిన వృత్తాంతమును, అదే యేడు రోము ఒలింపిక్కులలో స్వర్ణపతకము గెలిచి, విద్య నేర్చుకొందునని రమోనా ఉప్పుగనికి వచ్చి, పాత్రలు తోముమన్నందుకు అలిగి వెళ్ళిపోయిన లూయీవిల్ కుఱ్ఱవాని వృత్తాంతమును అందే వచ్చును. ఆ కుఱ్ఱవాని పేరు కాసియస్ క్లే. రెండేండ్ల పిదప గురుశిష్యులు బరిలో ఎదురెదురుగ నిలిచినప్పుడు ఎన్నవ రౌండులో ఎవరు పడుదురో శిష్యుడు ముందుగనే పద్యరూపమున చాటెను.